యముడి దిక్కుకు తిప్పిన ప్లేట్లు

ఊరు చూసి రమ్మంటే పోయి చూసి వచ్చాను. చూసింది చూసినట్టు రచ్చబండ దగ్గర చెప్పాను. పోనివాళ్ళు ఇంకా ఎన్నో ఊళ్ళలో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. మాట తిన్నగా ఉంటుంది, నాజూకు వెతక్కండి.

కంబదూరు దాటి, గుట్టను చుట్టి వచ్చే బండిబాట చివర ఉంటుంది మా పల్లె. కరెంటు స్తంభాలు పక్కనున్న పెద్ద ఊరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆగి ఎన్నేళ్ళయిందో, ఆ చివరి స్తంభం మీద మొదట గూడు కట్టిన కాకి మునిమనవలు ఇప్పుడు అక్కడే గూడు కడుతున్నాయి.

పోయిన చలికాలంలో లైన్ల ఇంజనీరు మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, రెండు మాటలు చెప్పాడు. సర్కారు సోలార్ ప్లేట్లు ఇస్తోంది, ఇంటికి ఒక ప్లేటు, ఒక బ్యాటరీ పెట్టె, రెండు లైట్లు అన్నది మొదటి మాట. మంచిదే. రెండో మాట వినగానే, ఎందుకు మజ్జిగ పోశానా అనిపించింది.

"ప్లేట్లు తీసుకుంటే మీ ఊరు వెలుగొచ్చిన ఊళ్ళ లెక్కలోకి పోతుంది పెద్దమ్మా. ఇంక మీకు స్తంభాలు కావాలని నేను పైన అడగలేను."

స్తంభాలు మాకు దీపాలకు అక్కర్లేదు, నీళ్ళకు కావాలి. ఊరికి ఉన్నది ఒక్కటే బోరింగు. రెండేళ్ళుగా నీళ్ళు కిందికి దిగిపోయి, పిడి కొడితే గాలి తప్ప రావడం లేదు. మోటారు దించితే నీళ్ళు ఉన్నాయి. మోటారు తిరగాలంటే తీగ రావాలి. అంటే దీపం కావాలో నీళ్ళు కావాలో తేల్చుకోమన్నట్టే.

నా మరిది ఓబులేసు "తీగే కావల్ల, అద్దాలు మనకెందుకు" అన్నాడు. నాకు రెండూ కావాలి. మా ఇంటాయన వానల కాలం నుంచి దగ్గుతో మంచం పట్టాడు. కిరసనాయిలు బుడ్డి పొగకు దగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

ఇంజనీరు లేస్తూ, "కదిరి అవతల గుట్ట కింద ఒక పల్లె ఉంది, ప్లేట్లు పెట్టుకుని రెండేళ్ళయింది. చూసి రండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఊరు ఇద్దరిని పంపింది. బస్సు బోర్డులు చదువుతానని నన్ను. ప్లేట్లు వద్దన్నాడని ఓబులేసును.

కళ్యాణదుర్గం

బస్టాండు ఎదురుగా ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులకు పప్పులపొడి కలిపి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జి పెట్టి ఇస్తారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. ఓబులేసు రెండోది చెప్పాడు.

"ఊరు ఇచ్చిన దుడ్లు గొంతులో అడ్డం పడవా నీకు?" అన్నాను.

"పడితే టీ తాపియ్యి వదినా."

టీ తాపించాను. ఎదురుగా బట్టల అంగట్లో పట్టపగలు వరసగా లైట్లు వెలుగుతున్నాయి. బయట ఎండ పేలాలు వేగేటట్టు ఉంది. లోపల, చీర మీద పువ్వు కనపడడానికి లైటు. అంగడాయనను అడిగేశాను, ఎండ చాలదా నీకు అని. "ఎండలో చూపిస్తే ఎవురు కొంటారు అవ్వా?" అని నవ్వాడు.

మగ్గం గుంత

ధర్మవరం పక్కన చిన్న ఊళ్ళో మా అక్క కూతురు ఉంది. దాని మొగుడు రామాంజి పట్టుచీరలు నేస్తాడు. ఆ పూటకు అక్కడ దిగాం. వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. రామాంజి కాళ్ళు గుంతలో పెట్టుకుని నేస్తున్నాడు, తల మీద బల్బు వెలుగుతోంది. పట్టుదారం మీద ఆ వెలుతురు పడి మెరుస్తుంటే నేను నోరు తెరిచి చూశాను. చూస్తుండగానే బల్బు పసుపు నుంచి ఎరుపుకు తిరిగింది. పొయ్యిలో ఆరబోయే బొగ్గులాగా అయింది. రామాంజి చెయ్యి ఆపేశాడు.

"చేన్లల్లో మోటార్లు ఏసినారు. ఇంగ చాలించల్ల అత్తా. ఈ వెలుతుర్లో పచ్చేదో నీలమేదో తెలీదు."

మా పిల్ల నవ్వుతూ వచ్చి తన కొంగు చూపించింది. పట్టుచీర! ఇంట్లో పనికి పట్టుచీర కట్టింది.

"పచ్చంచు నెయ్యమంటే ఎర్ర బల్బు కింద కూచోని నీలం నేసినాడు చిన్నమ్మా. అంగడాయప్ప ఒల్లనన్నాడు. మా వీధిలో అంట్లు తోమేటప్పుడు పట్టు కట్టిందాన్ని నేనొక్కదాన్నే."

"ఇంగోటి గూడా తప్పు నేస్తా, ఊరుకో. మార్చి మార్చి కట్టుకుందువు" అన్నాడు రామాంజి.

కరెంటు ఉండీ ఇదేమిటని అడిగాను. కరెంటు అంటే గాలిలాగా అందరికీ ఒకేలా వస్తుందని అంతవరకూ అనుకున్నాను.

"వచ్చే తీగ ఒకటే అత్తా. తొలి ఊరోళ్ళు తాగినంక మలి ఊరోళ్ళు, వాళ్ళు తాగినంక మేము. మేము తోక. అందరూ ఒగటే యాళకు లాగితే తోకకు ఏమొస్తాది?"

రాత్రి సంకటి తింటూ ఓబులేసు కంచంలో వేలితో ఒక గీత గీశాడు. "వదినా, మన పక్కూరే మన లైనుకు తోక. మనకు లాగితే మనం తోకకు తోక" అన్నాడు. ఇంటి నుంచి బయల్దేరినాక తీగను తక్కువ చేసి అతను అన్న మొదటి మాట ఇదే.

కదిరి దారి

మర్నాడు ధర్మవరం బస్టాండులో నేను బోర్డు చదివి, కదిరి బస్సు ఇదేనని మరిదిని ఎక్కించాను. ఊరు దాటాక కండక్టరు టికెట్టు అడిగితే తెలిసింది, అది అనంతపురం పోతోంది. కదిరి నుంచి వస్తూ బోర్డు తిప్పడం మరిచారట. ఎండలో దిగి వెనక్కి నడిచాం.

"నువ్వు చదివింది సరిగ్గానే ఉండాది వదినా. బస్సే తప్పు" అన్నాడు ఓబులేసు. ఎగతాళో ఓదార్పో ఇప్పటికీ తేలలేదు.

కదిరిలో మల్లెపూలు. మా వైపు పూలు మూర కొలిచి ఇస్తూ మోచెయ్యి మడిచి దొంగిలిస్తారు. ఇక్కడ పూలమ్మే ఆమె చెయ్యి బారుగా చాచి కొలిచింది, పైన జానెడు కొసరు వేసింది. మూర మూడు రూపాయలు. నేను కొనకుండా వాసన చూస్తూ నిలబడితే, "ఏమ్మా, దేవునికా, ఇంటాయనకా?" అంది.

"ఇంటాయన దగ్గుతాండాడు. ఆయన పూలేం జేసుకుంటాడు?"

"దగ్గేటోడికీ ముక్కుంటాది గదమ్మా" అంది. కొన్నాను. ఇల్లు చేరేసరికి వాడిపోతాయని తెలిసే కొన్నాను.

గుట్ట కింద పల్లె

ఆటో దిగి చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలల్లో నడిచి వెళ్ళాం. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. ప్రతి ఇంటి మీదా ఒక నల్లటి ప్లేటు, కొంచెం వాల్చి పెట్టినది. బంతిలో కూర్చున్న మనుషుల్లాగా అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. ఓబులేసు బాటలోనే ఆగిపోయాడు.

"వదినా, అన్నీ దచ్చినానికి మొగం పెట్టుకోనుండాయి."

నాకూ ఒళ్ళు జలదరించింది. మా వైపు దక్షిణానికి వాకిలి పెట్టరు. దీపం వత్తి దక్షిణానికి తిప్పితే ముసలమ్మలు కొట్టడానికి వస్తారు. అది యముడి దిక్కు. ఇక్కడ ఊరు ఊరంతా దీపాలను ఆయన వైపే తిప్పి పెట్టింది.

గంగులమ్మ అనే ఆమె మమ్మల్ని ఇంట్లోకి పిలిచింది. నా ఈడు మనిషి, మొగుడు పోయినామె. చీకటి పడగానే గోడ మీది మీట నొక్కింది. తెల్లటి వెలుతురు వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు, వాసన లేదు. నేను అరచెయ్యి చాపి చూసుకున్నాను. గీతలన్నీ కనపడ్డాయి. ఆ పొద్దు దాకా సందెవేళ నా అరచెయ్యి నేను చూసుకున్నది లేదు.

ఎలా చెప్పాలి మీకు? మా సీమలో ఎండను తిట్టని నోరు లేదు. చెనిక్కాయ ఊడ నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన పోయి ఎండ మిగిలితే, చేను ముందు నిలబడి ఆ సూర్యుణ్ణి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ ఎండే పగలంతా ఆ ప్లేటు మీద పడి, తీగలో దిగి, పెట్టెలో కూర్చుని, ఇప్పుడు చల్లగా, బిడ్డ మొహం మీద పడినా నిద్ర చెడకుండా బయటికి వస్తోంది. లైటుకు దండం పెట్టాను. ఓబులేసు నవ్వుతాడేమో అని చూశాను. అతనూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

గంగులమ్మ సంకటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. మా వైపు చెనిక్కాయలను దోరగా వేయించి నూరుతాం. వీళ్ళు నల్లగా మాడేదాకా వేయిస్తారు. మాడిన రుచి, బాగుంది. తింటూ అడిగాను.

"దచ్చినానికి ఎట్ల పెట్టినారక్కా? బయం లేదా?"

ఆమె నవ్వింది. "పెట్టి పోయినోళ్ళు దచ్చినానికే పెట్టినారు. తెల్లారేతలికి ఊరంతా తూరుపుకు తిప్పేసినాము. సూరిదేవుడు పుట్టే దిక్కు గదా, ఆయప్పకు ఎదురుగా నిలబెడదామని నిట్టనిలువుగా నిలబెట్టినాము. శుక్రారం శుక్రారం అద్దం నిండా పసుపు పూసి కుంకం బొట్లు పెట్టినాము."

"అద్దం మీదనా?"

"ఇంగ యాడ పెట్టేది? దేవుని మొగం అదే గదా!"

మేమైనా అదే చేసేవాళ్ళం. నేను నవ్వలేదు.

"పొద్దు నెత్తిన దాటితే ప్లేటు ఈపు ఎండకు, మొగం నీడకు. దాని మీద పసుపు. పెట్టె సగం గూడా నిండేది కాదు. సంగటి దిగకముందే లైట్లు పోతాండె. ఊరంతా మా పక్క ఇంజినీరు మీదికి పోయినాము, ఈ సోలారు వద్దు, తీగతోనే బల్బులియ్యి అని. ఆయప్ప అంతకు ముందు మంచినీళ్ళ మోటారుకు మాత్రం సన్న లైను రాసుకోనున్నాడంట. ఇండ్లకు దీపాలు ఎట్లా ఉండాయి గదా, మోటారు ఒగదానికైతే ఉండే తీగ కొసన అతికిస్తే సాలు అని. ఇండ్లన్నీ సాయంత్రం పూట లాగుతామంటే ఆ లెక్క యాడికి పాయె! తీగ లావుది కావల్ల, టాన్స్‌ఫారం పెద్దది కావల్ల, ఎనక ఊర్ల నుంచీ మార్చుకోని రావల్ల. ఇంత పని ఇప్పుడు కాదని పక్కన పెట్టేసినాడు. దీపమూ పాయె, నీళ్ళూ పాయె."

ఓబులేసు తినడం మానేశాడు. నాకు రామాంజి ఎర్ర బల్బు కళ్ళ ముందుకు వచ్చింది. అందరూ ఒకే వేళకు లాగితే తోకకు ఏమొస్తుంది? ఆ వేళకు లాగకుండా ఉంటే, సన్న తీగైనా చాలు.

"మళ్ళ ఏమి చేసినారు?"

"ఆ ఏడే మా ఆయన పోయినాడు. ఒగ పొద్దు ప్లేటు చూస్తా కూచున్నా. యముడు రానే వచ్చినాడు, తీసకపోనే పోయినాడు. ఇంగ నాకు దచ్చినమేంది, ఉత్తరమేంది? మిద్దెక్కి తడిగుడ్డతో పసుపంతా తుడిచి, వాళ్ళు పెట్టినట్టే వాల్చి తిప్పేసినా. ఆ పొద్దు పెట్టిన దీపం కోడి కూసినా ఎలుగుతానే ఉండాది."

ఊళ్ళోవాళ్ళు మొదట ఆమె గడప తొక్కలేదట. తర్వాత విత్తనాల కాలం వచ్చింది. విత్తనం చెనిక్కాయలు చేత్తో ఒలవాలి, పప్పు చితికితే మొలవదు. బుడ్డి వెలుతుర్లో ఒలిస్తే సగం చితుకుతాయి. ఒకామె బుట్ట తెచ్చుకుని గంగులమ్మ లైటు కింద కూర్చుంది. మర్నాడు నలుగురు. ముత్తయిదువలంతా మొగుడు పోయిన ఆమె ఇంట్లో సందెవేళ వరసగా కూర్చుని విత్తనాలు ఒలిచారు. ఆ కాలం ముగిసేసరికి ఊళ్ళో ప్లేట్లన్నీ ఒకటొకటిగా దక్షిణానికి తిరిగాయి. బల్బుల గోల ఆగింది. వాళ్ళ ఇంజనీరు వచ్చి ఒక సాయంత్రం వీధిలో తిరిగి చూసి, పాత లెక్క మళ్ళీ బయటికి తీశాడట.

"బొట్లు మానేసినారా?" అన్నాను.

"మానలేదు. చుట్టూ ఇనప చట్రానికి పెడతాండాము."

పొద్దున ఆ తీగ చూశాం. దూరం నుంచి సన్నగా వచ్చి, ఏ ఇంటి వైపూ తిరగకుండా, నేరుగా నీళ్ళ మోటారు గది దగ్గర ఆగింది. మోటారు పగలే తిప్పుతారు. వెనక ఊళ్ళకు బల్బుల వేళ కాదు కాబట్టి ఎవరి దీపమూ ఎరుపెక్కదు. గది పక్కన ట్యాంకు, దానికి కొళాయిలు. ఓబులేసు కొళాయికి నోరు పెట్టి తాగి, మీసాలు తడి చేసుకుని లేచాడు.

"చల్లగుండాయి వదినా" అన్నాడు.

అన్నీ బాగున్నాయని అబద్ధం రాయను. ఫ్యాను లేదు, టీవీ లేదు, కుర్రవాళ్ళు సణుగుతున్నారు. బ్యాటరీలో అంగట్లో కొన్న నీళ్ళే పోయాలి. ఒకాయన బోరు నీళ్ళు పోసి పెట్టెను చంపుకున్నాడు. ఇప్పుడు దాని మీద కోడిని పొదగేస్తున్నాడు.

మళ్ళీ కళ్యాణదుర్గం

తిరుగుదారిలో ఇంజనీరు ఆఫీసుకు పోయి చెప్పేశాను. "ప్లేట్లు ఇండ్లకు. తీగ బోరింగుకు. ఆ పక్క అట్లే చేసినారు. మాకూ అట్లే రాయి సారూ."

ఆయన చాలాసేపు గోడ మీది లైన్ల పటం చూశాడు. మా పక్క ఊరి దగ్గర వేలు పెట్టాడు. "ఇళ్ళ దీపాలకైతే అడగలేను, నీళ్ళ మోటారు ఒక్కటే అయితే అడగొచ్చు. పగలు తిప్పితే ఈ తీగ మోస్తుంది. కానీ పెద్దమ్మా, మీవాళ్ళూ ప్లేట్లు తూర్పుకు తిప్పుతారు. దీపాలు ఆరిపోయాయని బల్బులకు నా మీదికి వస్తారు. ఇళ్ళన్నీ లాగితే ఆ తీగ మోయదు, నా లెక్క తప్పుతుంది. ప్లేట్లు పెట్టాక ఒక సాయంత్రం వచ్చి చూస్తాను. ఒక్క ఇంట్లో దీపం ఆరినా స్తంభాలకు రాయను."

బస్సులో ఓబులేసు అన్నాడు: "నీళ్ళ కోసం ఏమైనా చేస్తాగానీ వదినా, నా ఇంటికి దచ్చినం మాత్రం పెట్టను." గంగులమ్మ ఇంటికి యముడు వచ్చి పోయాడు. మా ఇంటికి ఇంకా రాలేదు. మంచం మీద మనిషి ఉన్నాడు. ఆ ఆలోచన కదిరి నుంచీ పూల పొట్లంతో పాటే నా ఒళ్ళో కూర్చుని వస్తోంది.

మా ఇల్లు

నీళ్ళ సంగతి చెబితే ఊరు సంబరపడింది. దక్షిణం అనగానే ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఎవరో వెనక నుంచి "ముందు మీ ఇంటికి పెట్టుకో" అన్నారు. అన్నవాళ్ళే నాలుక కరుచుకున్నారు.

ప్లేట్లు వచ్చాయి. బిగించేవాళ్ళు మొదట మా మిద్దె ఎక్కి, ఏ వైపుకు అని అడిగారు. వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. ఎంత మాటైనా ముఖాన అనేసేదాన్ని, ఆ ఒక్క మాట అనలేకపోయాను.

లోపల మంచం మీద నుంచి మా ఆయన పిలిచాడు. "ఏందే, గమ్మున నిలబడినావు?"

"నీ గురించే."

ఆయన దగ్గి, ఊపిరి తీసుకుని, వాకిలంతా వినపడేలా అన్నాడు: "దచ్చినానికే పెట్టమను. ఆయప్ప రావల్లంటే చీకట్లో అయినా వస్తాడు. చీకట్లో వస్తేనే కష్టం. నా మంచం అనుకోని పక్కింట్లో ఓబులేసు మంచం ఎత్తుకపోతాడు. వెలుతురుంటే సరిగ్గా చూసుకోని వస్తాడు."

వాకిట్లో నవ్వు మొదలైంది. అందరికంటే గట్టిగా ఓబులేసు అరిచాడు: "ఓ అన్నా, మిద్దె మీదోళ్ళూ! నా ఇంటికీ దచ్చినానికే పెట్టండప్పా. ఎవురి మంచం ఏదో ఆయప్పకు బాగా కనపడల్ల!"

సాయంత్రానికి ఊళ్ళో ఒక్క ప్లేటూ తూర్పు వైపు లేదు.

ఇంజనీరు చెప్పినట్టే వచ్చాడు. మా ఇంట్లో లైటు కింద సంకటి తిని, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ఒక్క దీపమూ ఆరలేదని చూసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు బోరింగు దగ్గర స్తంభానికి గుంత తవ్వుతున్నారు. బండ తగిలినట్టుంది, గడ్డపార చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది. మా ఆయన మంచం మీద నుంచి నన్ను రాయనివ్వడం లేదు. "ఎంత లోతు పోయినారో చూసి రాపో" అని ఇది మూడోసారి. పోయి చూసి వస్తాను.